పొలమారితే నెత్తి తట్టకండి, గొంతు వినండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం విషయం క్లుప్తంగా చెప్తాను. మీది పరకాల దగ్గర ఊరు. మూడు నెలల కింద మీ మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట దెబ్బతిన్నాయి. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారు. అన్నం తింటున్నారు గానీ నీళ్ళు తాగితే పొలమారుతోంది. రెండుసార్లు జ్వరం కూడా వచ్చి పోయింది. పోయిన ఆదివారం ఇంట్లో సర్వపిండి చేశారు. ఒక్క ముక్క తినగానే ఆయన ఉక్కిరిబిక్కిరి అయ్యారు. మీ అత్తమ్మ పళ్ళు లేక దాన్ని చాయ్‌లో నానబెట్టుకొని మింగి, రాత్రంతా కడుపు ఉబ్బరమని కూర్చున్నారు. చివర్లో ఒక్క లైన్ రాశారు: మీ అయిదేళ్ళ బాబుకు అదే సర్వపిండి తిన్న పావుగంటకు పెదవులు ఉబ్బి, వాంతి అయింది, అవిల్ గోలీ సగం వేస్తే తగ్గింది. మీరు అడిగింది మాత్రం మామగారికి ఏం పెట్టాలి, ఎట్లా పెట్టాలి అని.

నేను హనుమకొండలో 22 ఏళ్ళుగా స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. పేరు చూసి మాటలు నేర్పే పని అనుకుంటారు గానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది మింగే సమస్య. మాట్లాడే నాలుకే మింగుతుంది, మాట పుట్టే గొంతే ఊపిరిని కాపాడుతుంది. అందుకే ఈ పని మా చేతికి వచ్చింది.

ముందు బాబు సంగతి. మీరు చివర్లో రాసిన ఆ ఒక్క లైనే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. సర్వపిండిలో పల్లీలు ఉంటాయి, నువ్వులు ఉంటాయి, శనగపప్పు ఉంటుంది. మూడూ అలర్జీ తేగలవే. పెదవులు ఉబ్బడం ఒక్కటే అయితే ఒక లెక్క. దానికి వాంతి కూడా తోడయిందంటే ఒంట్లో రెండు చోట్ల ఒకేసారి గొడవ మొదలైందన్నమాట. తిన్న కొద్ది నిమిషాల్లో ఇలా జరిగితే డాక్టర్లు దాన్ని అనాఫిలాక్సిస్‌గా అనుమానిస్తారు. ఈసారి తేలిగ్గా పోయింది కాబట్టి వచ్చేసారి కూడా తేలిగ్గానే పోతుందని ఎవరూ చెప్పలేరు.

అవిల్, సెట్రిజిన్ లాంటివి దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. గొంతు లోపలి వాపును, పడిపోతున్న బీపీని అవి ఆపలేవు. ఆపగలిగేది అడ్రినలిన్ ఇంజెక్షనే, అదీ తొడ బయటి వైపు కండరంలో ఇవ్వాలి. అందుకని బాబు ఇంకోసారి ఏదైనా తిన్న తర్వాత గొంతు బొంగురుపోయినా, ఆగకుండా దగ్గినా, పిల్లికూతలు వచ్చినా, ముఖం పాలిపోయి మగతగా వాలిపోయినా గోలీ వేసి చూద్దామని కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, లేదా 24 గంటలు తెరిచి ఉండే దగ్గరి దవాఖానకు వెళ్ళండి. పెద్ద దవాఖాన అని వరంగల్ దాకా పరుగెత్తొద్దు, మొదటి ఇంజెక్షన్ ఎక్కడ త్వరగా దొరికితే అక్కడికే. బండి వచ్చేదాకా బాబును పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. లేపి నడిపించొద్దు. తగ్గిపోయినట్టు కనిపించినా కొన్ని గంటలు అక్కడే ఉండాలి, ఒక్కోసారి రెండో విడత వస్తుంది.

ఇది జరగకముందే పిల్లల డాక్టర్ దగ్గరికో అలర్జీ డాక్టర్ దగ్గరికో వెళ్ళండి. చర్మం మీద చుక్క వేసి చేసే పరీక్ష, రక్త పరీక్ష రెండూ ఉంటాయి. అనుమానం ఉన్న పల్లి, నువ్వు, శనగ వరకే చేయించండి. వంద రకాల తిండికి ఒకేసారి చేసే పెద్ద ప్యాకేజీలు ఉన్నాయి, వాటిని నేను వద్దంటాను. తిని ఏమీ కాని పదార్థానికి కూడా రిపోర్టులో పాజిటివ్ రావచ్చు. ఆ కాగితం చూసి తల్లులు పిల్లలకు పాలు, గుడ్డు, గోధుమ అన్నీ మాన్పించి బక్కచిక్కించి తీసుకొస్తారు. అడ్రినలిన్ ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత మోతాదు, ఎట్లా ఇవ్వాలి అన్నది కూడా ఆ డాక్టర్‌నే అడిగి నేర్చుకోండి. వేరే దేశాల్లో పెన్ను లాగా దొరికే ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో సులభంగా దొరకదు.

పరీక్ష అయ్యేదాకా పల్లి, నువ్వు రెండూ ఆపండి. శనగపప్పు, పుట్నాలు ఇదివరకు ఎన్నోసార్లు తిని ఏమీ కాలేదంటే ఆపనక్కర్లేదు. మన ఇళ్ళలో పల్లి, నువ్వు ఎక్కడెక్కడ దాక్కుంటాయో మీకే తెలుసు: సకినాలు, ఇడ్లీ చట్నీ, పచ్చిపులుసులో వేసే పొడి, గుత్తి వంకాయ, బిర్యానీతో వచ్చే సాలన్, సద్దుల బతుకమ్మ నాటి పల్లి సద్ది, నువ్వుల సద్ది. గానుగ పల్లి నూనెలో ఆ ప్రొటీన్ కొంత మిగిలే ఉంటుంది, కాబట్టి అదీ వద్దు. బడిలో టీచర్‌కు కాగితం మీద రాసివ్వండి. ఎంత తక్కువ తిన్నా అలర్జీ రావచ్చు, అదే దానికీ అరగకపోవడానికీ తేడా. పాలు తాగితే ఉబ్బరం వచ్చి, పెరుగు మాత్రం పడేవాళ్ళది పాలలోని చక్కెర అరగని ఇబ్బంది. అది బాధ పెడుతుంది గానీ ప్రాణం మీదికి రాదు. అలర్జీలో ఒంటి రక్షణ వ్యవస్థే తిండిని శత్రువని పొరబడుతుంది, గోరంత ముక్క చాలు.

ఇది చదివి చంటిపిల్లల తల్లులు పల్లీలే పెట్టొద్దని అనుకుంటారేమో, అది పొరపాటు. లండన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2015లో వెలువడింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు 4 నుంచి 11 నెలల వయసు మధ్య పల్లి తినిపించడం మొదలుపెడితే, అయిదేళ్ళు వచ్చేసరికి పల్లి అలర్జీ దాదాపు 80 శాతం తగ్గిందని తేలింది. ఒళ్ళంతా గజ్జి లాంటి ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. మిగతావాళ్ళకు జావలో మెత్తటి పల్లి ముద్ద కలిపి పెట్టొచ్చు. గింజ గింజగా మాత్రం నాలుగైదేళ్ళ లోపు వద్దే వద్దు. పల్లి, మక్క గింజ, సీతాఫలం గింజ గాలిగొట్టంలో ఇరుక్కున్న పిల్లలు ఏటా వస్తూనే ఉంటారు.

ఇక మామగారి విషయానికి వస్తాను.

ఇది చదువుతూనే మీ రెండు వేళ్ళు గొంతు మధ్యలో గట్టిగా తగిలే బుడిపె మీద పెట్టి గుటక వేయండి. అది పైకి లేచి, ముందుకు జరిగి, కిందికి దిగింది కదా. ఆ ఒక్క సెకనులో లోపల చాలా జరుగుతుంది. నాలుక బుక్కను వెనక్కి తోస్తుంది, మెత్తటి అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, స్వరతంతువులు దగ్గరికి వచ్చి గాలిగొట్టం మూసుకుంటుంది, దాని మీద ఒక మూత వాలుతుంది, ఊపిరి ఆగుతుంది, అన్నవాహిక నోరు తెరుచుకుంటుంది. చాలామంది ఆ మూతను కొండనాలుక అనుకుంటారు. నోరు తెరిస్తే వేలాడుతూ కనిపించే కొండనాలుక వేరు, ఈ మూత ఇంకా కిందుంటుంది, బయటికి కనపడదు. ముప్పైకి పైగా కండరాల జతలు, మెదడు నుంచి వచ్చే అయిదు జతల నరాలు కలిసి ఈ పని చేస్తాయి. పక్షవాతం వచ్చినవాళ్ళలో మొదటి రోజుల్లో దాదాపు సగం మందికి ఈ వరస తప్పుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి మీ మామగారి లాగా మిగిలిపోతుంది.

అన్నం పోతోంది, నీళ్ళు పోవడం లేదు, ఇదేం విచిత్రం అని అడిగారు. నీళ్ళు ఒక ముద్దగా ఉండవు, జారిపోతాయి. గాలిగొట్టం మూసుకోవడం అరసెకను ఆలస్యమైనా నీళ్ళు ముందే అక్కడికి చేరుకుంటాయి. మెత్తటి ముద్ద నెమ్మదిగా కదులుతుంది, మూత పడే దాకా ఆగుతుంది.

పొలమారితే మనం ఏం చేస్తాం? ఎవరో తలుచుకుంటున్నారు అంటాం, నెత్తి మీద తడతాం, పైకి చూడు అంటాం. ప్రేమతోనే చేస్తాం, కానీ పక్షవాతం మనిషికి ఇది నష్టం. తల పైకెత్తితే గాలిగొట్టం దారి ఇంకా తెరుచుకుంటుంది, నోట్లో మిగిలింది నేరుగా అందులోకి జారుతుంది. ఆయన దగ్గుతుంటే దగ్గనివ్వండి. ముందుకు కొంచెం వంగనివ్వండి. నీళ్ళు తాపొద్దు. దగ్గు ఆయన కాపలా మనిషి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పెద్దాయన దగ్గు లేకుండా గ్లాసుడు నీళ్ళు తాగేశారు. బాగానే ఉన్నారని రాసి పంపించాను. పది రోజులకు నిమ్ము చేసి తీసుకొచ్చారు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆయన గొంతుకు స్పర్శే పోయింది, నీళ్ళు లోపలికి పోతున్నా దగ్గు రావాలని ఒంటికి తెలియలేదు. అప్పటి నుంచి నేను దగ్గు ఒక్కటే వినను. గుటక వేసిన తర్వాత "ఆ..." అని పొడుగ్గా అనమంటాను. గొంతు గరగరా, నీళ్ళలో బుడగలు వచ్చినట్టు పలికితే స్వరతంతువుల మీద తడి నిలిచిందని అర్థం. మీరూ ఇవాళ రాత్రి అన్నం దగ్గరే ఇది చేసి చూడండి. తినకముందు ఒకసారి, నాలుగు బుక్కల తర్వాత ఒకసారి. రెండుసార్లు వచ్చిన ఆ జ్వరం కూడా ఊరికే వచ్చిందని నేను అనుకోను. ఛాతీ ఎక్స్‌రే తీయించారా?

ఇప్పుడు చారన్నం. ఈ ఒక్క మాట కోసమే ఇంత పొడుగు సమాధానం రాయడానికి కూర్చున్నాను. మన దగ్గర ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పెట్టేది చారన్నం, మజ్జిగ అన్నం, పాలల్లో రొట్టె, చాయ్‌లో బిస్కెట్. మెత్తగా ఉంటుంది, తేలిగ్గా పోతుంది అని నమ్మకం. మింగే ఇబ్బంది ఉన్న మనిషికి ఇంతకంటే కష్టమైన తిండి లేదు. ఒకే బుక్కలో రెండు వేగాలు ఉంటాయి. మెతుకులు నమలాలి, చారు ఆగదు. ఆయన మెతుకుల కోసం నాలుక తిప్పుతుండగానే చారు గొంతులోకి జారిపోయి ఉంటుంది. మీరు "అన్నం బాగానే తింటున్నారు, చివర్లో మజ్జిగ అన్నం అప్పుడే దగ్గు" అని రాశారు కదా, కారణం ఇదే.

దాని బదులు బియ్యం ఎక్కువ నీళ్ళతో జారుగా ఉడికించి, ముద్దపప్పుతో మెత్తగా పిసికి, ఒక చెంచా నెయ్యి వేసి పెట్టండి. చెంచా వంచితే ఒక్క ముద్దగా పడాలి, పళ్ళెంలో దాని చుట్టూ నీరు ఊరకూడదు. పెరుగన్నం కావాలంటే గట్టి పెరుగుతో మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. మక్క గట్క, జొన్న గట్క మెత్తగా వండి గట్టి పెరుగుతో కలిపితే చాలా బాగా దిగుతుంది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు ఇష్టంగా తినేది అదే. పలుకు లేకుండా చూసుకోండి. పొడిపొడిగా రాలేవి, అంటే జొన్న రొట్టె, మురుకులు, అటుకులు, ఉడికించిన గుడ్డులో పచ్చసొన, ఇవి ఇప్పుడు వద్దు. సర్వపిండి సంగతి చెప్పక్కర్లేదు. మేడారం నుంచి ఎవరైనా బంగారం తెచ్చిస్తే ఆ బెల్లం ముక్క నోట్లో పెట్టకుండా జావలో కరిగించి పెట్టండి, ప్రసాదం ప్రసాదమే.

నీళ్ళ సంగతికి వస్తే, దగ్గుకు భయపడి ఆయన నీళ్ళే మానేశారని, మూత్రం పచ్చగా వస్తోందని రాశారు. ఇది ఆగాలి. నీళ్ళు చిక్కగా చేసి ఇవ్వొచ్చు, కానీ ఎంత చిక్కగా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. మరీ చిక్కనైతే గొంతులోనే అతుక్కుని తర్వాత జారుతుంది. దీన్ని కొలవడానికి ప్రపంచమంతా ఒకే పద్ధతి వాడుతున్నారు, ఐడీడీఎస్ఐ అంటారు, సున్నా నుంచి 7 దాకా మెట్లు. ఇంట్లో చేసుకోవడానికి ఒక 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సున్నా గీత నుంచి 10 గీత వరకు 61.5 మిల్లీమీటర్లు ఉండే రకం చూసి తెచ్చుకోండి. సూది తీసేయండి, లోపలి పిస్టన్ లాగేయండి. కింద వేలు అడ్డం పెట్టి 10 గీత దాకా జావ పోయండి. వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూయండి. దాదాపు ఏమీ మిగలకపోతే అది నీళ్ళతో సమానం. 1 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా మిగిలితే ఒకటో మెట్టు, 4 నుంచి 8 దాకా రెండు, 8 దాటితే మూడు, చుక్క కూడా కారకపోతే నాలుగు. మీ మామగారికి ఏ మెట్టు అన్నది చూసినవాళ్ళు చెప్పాలి. వాళ్ళు రెండు అంటే ఇంట్లో ఎవరు కలిపినా రోజూ అదే రెండు రావాలి, ఆ సిరంజి అందుకు. రాగి జావ చల్లారే కొద్దీ చిక్కబడుతుంది, కాబట్టి తాపే ముందు కొలవండి, పొయ్యి మీద నుంచి దించగానే కాదు.

ఇంకో విషయం. గంజి గానీ జావ గానీ పిండి పదార్థంతో చిక్కబడ్డదే. మన ఉమ్మిలో పిండిని విడగొట్టే రసం ఉంది. అన్నం మెతుకు చాలాసేపు నమిలితే తియ్యగా అవుతుంది చూడండి, అది ఆ రసం పనే. నోట్లో పెట్టిన చెంచాను మళ్ళీ గిన్నెలో ముంచుతూ తాపిస్తే, పావుగంటలో గిన్నెలోని జావ పలచబడిపోతుంది. మొదటి పది చెంచాలు బాగా పోయి చివర్లో పొలమారుతోందని ఒకామె ఎన్నో వారాలు బాధపడింది. గిన్నె ఎంగిలి అవుతుండటమే కారణం. మన పెద్దవాళ్ళు ఎంగిలి కలపొద్దన్నది వేరే ఉద్దేశంతో కావచ్చు, ఇక్కడ మాత్రం అక్షరాలా పాటించండి. చిన్న గిన్నెలో కొంచెం కొంచెం పోసుకొని తాపించండి. షాపుల్లో దొరికే చిక్కబరిచే పొడుల్లో గమ్ రకానివి ఇలా పలచబడవు.

తాపే పద్ధతి: మంచం మీద పడుకోబెట్టి చెంచాతో పోయమని పక్కింటివాళ్ళు చెప్పారని రాశారు. వద్దమ్మా. కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా, కుడి పక్క దిండు ఆసరా పెట్టి కూర్చోబెట్టండి. మీరు నిలబడి తినిపించొద్దు, ఆయన మిమ్మల్ని చూడటానికి తల ఎత్తుతారు. ఎదురుగా కొంచెం కిందకు కూర్చోండి. గ్లాసు సగం ఖాళీ అయ్యాక అందరం తల వెనక్కి వంచుతాం. అందుకని పేపర్ గ్లాసుకు ముక్కు పట్టేంత గాటు ఒక వైపు కత్తిరించండి, ఆ గాటు ముక్కు వైపు ఉంచి తాపితే తల ఎత్తకుండానే అడుగు దాకా తాగొచ్చు. చిన్న చెంచా, అరచెంచా బుక్క, నాలుక ఎడమ వైపు పెట్టండి, బలం అక్కడుంది. ఒక బుక్క మింగి, ఉత్త గుటక ఇంకోటి వేసిన తర్వాతే రెండోది. టీవీ బంద్ చేయండి. నడుమ మాట్లాడించకండి. అయ్యాక కుడి బుగ్గలో చూడండి, అన్నం అక్కడ దాక్కొని ఉంటుంది, ఆయనకు తెలియదు. ఆ తర్వాత అరగంట దాకా పడుకోబెట్టొద్దు.

గడ్డం ఛాతీ వైపు దించి మింగమని, బలహీనమైన వైపుకు తల తిప్పి మింగమని కొందరికి చెప్తాం. అవి అందరికీ పనికిరావు, కొందరికి చేటు చేస్తాయి. వీడియోలు చూసి మొదలుపెట్టకండి.

నోటి శుభ్రత గురించి ఎవరూ చెప్పరు, నేను మాత్రం ప్రతి ఇంటికీ చెప్తాను. నిమ్ముకు కారణం జావ ఒక్కటే అనుకోకండి, దాంతో పాటు లోపలికి పోయే నోటి సూక్ష్మజీవులే ఎక్కువ నష్టం చేస్తాయి. రోజుకు రెండుసార్లయినా పళ్ళు, నాలుక, బుగ్గల లోపల మెత్తటి బ్రష్‌తో తోమండి. తినేముందు కూడా ఒకసారి తడి గుడ్డతో తుడవండి. ముక్కు పైపు పెట్టినవాళ్ళకు కూడా ఇది తప్పదు, వాళ్ళు మింగేది ఉమ్మే కదా.

గోలీలు నీళ్ళతో వేయకండి, గట్టి పెరుగులోనో మగ్గిన అరటిపండు గుజ్జులోనో పెట్టండి. నూరే ముందు మందుల షాపులో అడగండి. నెమ్మదిగా కరిగేలా చేసిన గోలీలను నూరితే రోజంతా పట్టే మందు ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది.

ఆదివారం లాగా మళ్ళీ ఉక్కిరిబిక్కిరి అయితే, దగ్గుతూ శబ్దం వస్తున్నంత సేపు ఏమీ చేయకండి, పక్కనే ఉండండి. శబ్దం ఆగి, మాట రాక, ముఖం నీలం తిరిగితే ముందుకు వంచి భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా అయిదు దెబ్బలు కొట్టండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కండి. మళ్ళీ అయిదు, మళ్ళీ అయిదు. ఇంకొకరు 108కి చేయాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి తిప్పొద్దు, ఇంకా కిందికి తోస్తారు. ఏడాది లోపు పిల్లలకైతే కడుపు నొక్కకూడదు, బోర్లా పెట్టి వీపు మీద అయిదు, వెల్లకిలా తిప్పి ఒక అరచేతి మడమతో ఛాతీ మధ్యలో అయిదు.

పరీక్ష తప్పకుండా చేయించండి. ముక్కులోంచి సన్నని కెమెరా పెట్టి, రంగు కలిపిన జావ తాపిస్తూ చూసేది ఒకటి. బేరియం కలిపిన తిండి మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీసేది ఇంకోటి. దగ్గు రాకుండా లోపలికి పోతోందా లేదా అన్నది వీటితోనే ఖాయంగా తెలుస్తుంది, బయటి నుంచి ఎంత అనుభవం ఉన్నవాళ్ళమైనా పొరపాటు పడతాం. వరంగల్‌లో ఎంజీఎం ఈఎన్‌టీ ఓపీలో అడగండి. ఇక్కడ కాకపోతే హైదరాబాద్‌లో నిమ్స్‌లో అడగొచ్చు. సికింద్రాబాద్‌లో మాటకు, వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మూడు నెలలైంది, ఇక ఇంతేనా అని అడిగారు. ఇంతే కాదు. వ్యాయామాలతో ఆరు నెలలకు, ఏడాదికి మెరుగైనవాళ్ళను చూశాను. అందరికీ అవుతుందని మాట ఇవ్వలేను. ఒకవేళ కొన్నాళ్ళు పైపు పెట్టాలంటే భయపడకండి. నెల దాటి అవసరమయ్యేలా ఉంటే ముక్కు పైపు బదులు కడుపుకు నేరుగా పెట్టేది మనిషికి హాయిగా ఉంటుంది, అవసరం తీరితే తీసేస్తారు.

అత్తమ్మ గురించి కొంచెమే చెప్తాను. ఆమెకు మింగడం బాగుంది, నమలడమే లేదు. కట్టుడు పళ్ళు డబ్బాలో ఉన్నాయని రాశారు. వదులైతే సరిచేయించండి. ఎంత మంచి సెట్టయినా సొంత పళ్ళ బలంలో నాలుగో వంతు కూడా రాదు, కాబట్టి మాంసం కీమాగా, కూరలు మెత్తగా చేయాల్సిందే. నమలకుండా చాయ్‌తో మింగితే పెద్ద ముక్కలు అట్లాగే కడుపులోకి పోతాయి. మామూలు భోజనమే కడుపు దాటడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, నూనెలో కాల్చింది ఇంకా నెమ్మది. గుటగుటా తాగేటప్పుడు గాలి కూడా పోయి ఉబ్బరం పెరుగుతుంది. రాత్రి తిన్న రెండు మూడు గంటల తర్వాతే పడుకోమనండి. రోజూ ఈనో కలుపుకొని తాగుతున్నారట, ఆమెకు బీపీ ఉంది, అందులో సోడియం చాలా ఉంటుంది, మాన్పించండి. నోరు ఎండిపోతోందంటే వాడే గోలీల చీటీ డాక్టర్‌కు చూపించండి, కొన్ని మందులు ఉమ్మిని తగ్గిస్తాయి. భోజనం మధ్య నీళ్ళు తాగితే అరగదన్న భయం అక్కర్లేదు. బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా ఎండోస్కోపీ వాయిదా వేయొద్దు.

ఇది చదివే మగవాళ్ళు కూడా ఒక మాట వినండి. మొదట రొట్టె, తర్వాత అన్నం, ఆ తర్వాత జావ కూడా ఛాతీలో ఆగుతోందంటే అది గ్యాస్ కాదు. బీడీ, చుట్ట, మందు అలవాటున్నవాళ్ళకు అన్నవాహికలో క్యాన్సర్ ఇలాగే మొదలవుతుంది. వారాల్లోనే చూపించుకోవాలి. గుట్కా, వక్క నమిలేవాళ్ళు మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టుతున్నాయేమో చూసుకోండి. పట్టకపోతే బుగ్గల లోపల చర్మం బిగుసుకుంటోందని, అది ముందు ముందు క్యాన్సర్‌గా మారొచ్చని గుర్తు. కుర్రవాళ్ళలో ప్రతి బుక్కకూ నీళ్ళు కావాల్సి వస్తూ, మాంసం ముక్క గొంతు కింద ఆగుతుంటే అన్నవాహికలో అలర్జీ వాపు కూడా ఉండొచ్చు, అదీ ఎండోస్కోపీలోనే తెలుస్తుంది.

అమ్మా, మామగారిని ఎక్కడ చూపించినా వెళ్ళేముందు ఒక పూట భోజనం మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి, గొంతు, నోరు కనపడేలా పక్క నుంచి. డాక్టర్ గదిలో మనిషి జాగ్రత్తగా మింగుతాడు, ఇంట్లో ఎట్లా మింగుతున్నాడో అక్కడ కనపడదు. ఇంట్లో చేసే జావ ఒక స్టీల్ డబ్బాలో, ఆయన రోజూ వాడే చెంచా, గ్లాసు, మందుల చీటీ, జ్వరం వచ్చిన తేదీలు రాసిన కాగితం పట్టుకెళ్ళండి. బాబును మాత్రం ఈ వారంలోనే చూపించండి, మామగారి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.